వైరు పీకిన కీబోర్డు

మహాశివరాత్రి

రాత్రి తొమ్మిదింటికి కోటప్పకొండ కింద, మా ఊరోళ్లు తిరునాళ్లకు కట్టుకొచ్చిన ఎత్తైన లైట్ల ప్రభ ముందు స్టేజీ మీద నా కీబోర్డు వైరు పీకేశారు. హైదరాబాదు నుంచి వచ్చిన సినిమా గాయని రికార్డింగుకు పెదవులు కదిపింది. నేను మూగ కీబోర్డు మీద వేళ్లు కదిపాను.

"ఏంది బాబాయ్ ఇది?" అని మా ఆర్కెస్ట్రా నడిపే సాంబయ్యను అడిగాను.

"ఒరేయ్, జనం వచ్చింది ఆమెను చూట్టానికి. నీ వాయిద్యం ఎవుడిక్కావాలి?"

ఆమె ఒక్క ముక్కా పాడలేదు. జనం ఈలలు ఆపలేదు.

ఇంటికొచ్చాక, జనంలో కూర్చుని చూసిన మా ఆవిడ, "ఇయ్యాల చానా బాగా వాయించావయ్యా" అంది. ఆ మాటకి అన్నం సయించలేదు.

రేపు సాయంత్రం నకరికల్లులో మళ్లీ ఆమె, మళ్లీ మేమే. వైరు పెట్టనిస్తేనే స్టేజీ ఎక్కుతానని సాంబయ్యకు ఫోన్ చేశాను. పొద్దున చెబుతానన్నాడు.