పై అధికారి పేరు: ఆర్లీటా

హార్లో క్రీక్, నెబ్రాస్కా
మార్చి 4

కారు బీమా ఆఫీసులో ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడితే వారికి, వెర్లిన్ స్ట్రౌడ్ నమస్కారాలు.

నాకు డెబ్బై ఒకటి. నవంబరులో తాగి కారు నడిపి పట్టుబడ్డాను. ఆ పొద్దున్నే మా ఆవిడను వృద్ధాశ్రమంలో వదిలి వచ్చాను. మనుషుల్ని మరిచిపోయే జబ్బు ఆవిడది. ఇంటికొస్తే గుమ్మంలో ఆవిడ చెప్పులు కనిపించాయి, తట్టుకోలేకపోయాను. తప్పు నాదే.

జడ్జిగారు పనికి వెళ్ళి రావడానికి మాత్రం లైసెన్సు ఇచ్చారు. నా పని దాణా మిల్లులో. ఆశ్రమం మిల్లు దాటి మూడు మైళ్ళు. అంతవరకూ కార్లో వెళితే మీ బీమా ఉంటుందా? లేక కారు మిల్లులో పెట్టి నడవాలా?

ఇట్లు,
వెర్లిన్

తా.క.: నడిచే దారిలో ఒక కుక్క ఉంది. దానికేమైనా బీమా ఉందా?

మార్చి 11

స్ట్రౌడ్ గారికి,

పని దారి తప్పితే మా నిబంధనల ప్రకారం పాలసీ రద్దవుతుంది. పాలసీ పోతే లైసెన్సూ పోతుంది. మేము కార్లకే బీమా చేస్తాం, కాళ్ళకు చెయ్యం. ఉద్యోగం మారితే జతచేసిన ఫారం నింపి పంపగలరు.

భవదీయురాలు,
నాడీన్ కూబిక్

తా.క.: కుక్క సంగతి దాని యజమానితో మాట్లాడుకోండి.

మార్చి 20

నాడీన్ గారికి,

మీ ఫారం చూశాక నా బుర్ర వెలిగింది. మిల్లు మానేసి ఆశ్రమంలోనే నేలలు తుడిచే పనిలో చేరాను. కొత్త దారికి జడ్జిగారు సంతకం పెట్టారు. ఫారం నింపి పంపుతున్నాను.

మీ మేలు మరువని,
వెర్లిన్

మార్చి 27

స్ట్రౌడ్ గారికి,

'రోజూ మీకు పని చెప్పే పై అధికారి' అన్నచోట ఆర్లీటా స్ట్రౌడ్ అని రాశారు. సొంతవాళ్ళ దగ్గర చేసేది మా లెక్కలో ఉద్యోగం కాదు. ఆ ఆశ్రమంలో మీకు వాటా ఉందా?

భవదీయురాలు,
నాడీన్ కూబిక్

ఏప్రిల్ 2

నాడీన్ గారికి,

వాటా లేదండీ, నలభై ఆరేళ్ళ కాపురం ఉంది. ఆర్లీటా నా భార్య. పని ఎవరు చెబుతారని అడిగారు, ఆవిడే చెబుతుంది. నేనెవరో తెలియదు, కొత్త పనివాణ్ణనుకుంటుంది. "ఇదేం తుడవడమయ్యా, మూలలు తుడవడానికి గవర్నరు రావాలా?" అంటుంది. అలాగేనమ్మా అంటాను. ఇంట్లో ఒక్కనాడూ చీపురు ముట్టనివాణ్ణి, ఆ కసి ఇప్పుడు బాగానే తీర్చుకుంటోంది. పక్కనుంటే చాలు నాకు.

ఇట్లు,
వెర్లిన్

తా.క.: గుమ్మం దగ్గర తడి ఉంటే అసలు ఊరుకోదు. వాళ్ళాయన కారేసుకుని వస్తాడట, జారి పడతాడట. అక్కడ రెండుసార్లు ఆరబెడుతున్నాను.

ఏప్రిల్ 9

స్ట్రౌడ్ గారికి,

మీ ఉత్తరం అందేలోపే, నిబంధన ప్రకారం మీ పై అధికారికి ఫోన్ చేశాను. ఆశ్రమంవాళ్ళు ఫోన్ ఆవిడ చేతికిచ్చారు. వెర్లిన్ స్ట్రౌడ్ మీ దగ్గర పనిచేస్తున్నారా అని అడిగాను. లేదన్నారు. వెర్లిన్ పనివాడు కాదు, తన భర్త అని చెప్పారు.

ఉద్యోగం రుజువు కానందున నిన్నటి నుంచి పాలసీ ఆగిపోయింది. అసలు అధికారి సంతకంతో కొత్త ఫారం పంపండి, వెంటనే పునరుద్ధరిస్తాను. అంతవరకు దయచేసి కారు తియ్యకండి.

విచారంతో,
నాడీన్

ఏప్రిల్ 14

నాడీన్ గారికి,

మేనేజరు సంతకంతో ఫారం జతచేశాను. దాన్ని మీరు ఎప్పుడు చూసినా ఫరవాలేదు. మీ ఉత్తరం అందిన రోజు నుంచి నడిచే వెళుతున్నాను. కుక్క కూడా అలవాటు పడింది.

ఆవిడ నా పేరు పలికిందని రాశారు. నవంబరు నుంచి ఆ నోట నా పేరు నేను వినలేదు. మీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఏమన్నదో ఒక్క మాట వదలకుండా రాసి పంపండి.

ఇట్లు,
ఆర్లీటా భర్త వెర్లిన్

తా.క.: మళ్ళీ ఫోన్ చేస్తే, వెర్లిన్ బయలుదేరాడు, తప్పక వస్తాడని చెప్పండి. కొత్త పనివాడు చెబితే నమ్మడం లేదు.