వేలి మీది సున్నం

నంద్యాల,
ఆదివారం.

ఆళ్ళగడ్డలో ఉన్న మా రంగమ్మక్కకు, తమ్ముడు ఓబులేసు రెండు చేతులూ జోడించి రాసే ఉత్తరం.

నువ్వూ, అబ్బాయీ, కోడలు పద్మా అందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి. ఈసారి నిజంగానే క్షేమం. పద్మా, ఇది అత్తకు చదివి వినిపించేది నువ్వే కదా. నిదానంగా చదువమ్మా, నడుమ నడుమ ఆమె ముఖం చూస్తూ చదువు.

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు గంట బస్సు ప్రయాణం. దీన్ని వలస అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ వారానికి మూడు రోజులు మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకొని రక్తం కడిగించుకునేవాడికి సొంత ఊరు కువైటు కంటే దూరమక్కా. కువైటు పోయినోడైనా రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. నాకు మిషను సెలవివ్వదు. నీ మరదలు పోయాక ఒంటరితనం అలవాటైంది అనుకున్నాను గానీ, ఈ అద్దె గదిలో అది మళ్లీ కొత్తగా మొదలైంది.

మిషను లేని రోజుల్లో బండల డిపోకు పోతున్నాను. బేతంచెర్ల నుంచి లారీ వస్తే పగులుబారిన బండలు ఏరి పక్కన పెట్టించడం నా పని. ఇరవై ఏళ్లు ఆ బండలే లారీలో తోలినవాణ్ణి, వేలితో తట్టి చూస్తే చాలు, చెప్పేస్తాను. యజమాని మంచివాడు. నాకని నీడలో ఒక కుర్చీ వేయించాడు. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. నీళ్లు కొలుచుకొని తాగాలి కాబట్టి ఎదురుగా ఎవరైనా చెంబెత్తి తాగుతుంటే ముఖం తిప్పుకుంటాను. కూరగాయలు ఉడికించి నీళ్లు వంచేసి తింటున్నాను, ఉప్పు ఉందా అంటే ఉంది. నీ చేతి గోంగూర మాత్రం కలలోకి వస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎముకలు నొప్పి పెడుతున్నాయని చలికాలంలో రాశాను, గుర్తుందా? కిడ్నీలు పాడైతే ఒంట్లో విటమిన్ డి పనికొచ్చే మందుగా మారదట. అప్పుడు రక్తంలో కాల్షియం తగ్గి, గొంతు దగ్గరి గ్రంథి ఒకటి ఎముకల్లోంచి దాన్ని లాగేస్తుందట. అందుకని మిషను అయిపోయే ముందు ఆ గొట్టంలోనే విటమిన్ డి సూది వేయడం మొదలుపెట్టారు. అక్కా, రెండు నెలల్లో మెట్లెక్కగలిగాను. ఆ సూదికి దండం పెట్టుకున్నాను.

తర్వాత ఏమైందో ఇన్నాళ్లూ నీకు రాయలేదు. అన్నం ముందు కూర్చుంటే వాంతికొచ్చేది. కడుపు బిగిసిపోయేది. ఒకరోజు డిపోకు పోతూ పోతూ దారి మరిచిపోయి, రోజూ నడిచే వీధిలోనే నిలబడి ఎటు పోవాలో తెలియక ఒక అంగడి అతన్ని అడిగాను. రక్తం చూస్తే కాల్షియం మరీ ఎక్కువైంది. సూది మందు తగ్గించారు, దిగలేదు. పూర్తిగా ఆపేశారు, అప్పుడూ దిగలేదు. అట్లాగే వదిలేస్తే గుండెకే మోసం అన్నారు.

డాక్టరుకు నా మీద అనుమానం వచ్చింది. బయట ఎవరి దగ్గరో బలం సూదులు వేయించుకుంటున్నానని, అంగడి బిళ్లలు మింగుతున్నానని అనుకున్నాడు. పాలెన్ని, రాగులెన్ని, నువ్వులెన్ని అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆయన ఇచ్చినవి తప్ప ఒక్క బిళ్ల మింగలేదని అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేశాను. రోషం కూడా వచ్చింది. ఈ వయసులో నన్ను దొంగను చేస్తారా అనిపించింది.

అక్కడ మేరీ అని ఒక సిస్టరమ్మ ఉంది. ఎప్పుడూ సూది గుచ్చే ముందు నా చెయ్యి కడుగుతుంది. ఆ రోజు కడుగుతూ కడుగుతూ నా చూపుడువేలు పట్టుకొని ఆగిపోయింది.

"అన్నా, ఈ తెల్లగుండేదేంది?"

"సున్నం సిస్టరమ్మా. ఆకుకు పూసుకుంటా గదా."

"దినానికి ఎన్నిసార్లు?"

"దానికి లెక్క యాడుంది? పదో, పదైదో."

ఆమె సూది పక్కన పెట్టేసి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన నా వేలు చూశాడు, నన్ను చూశాడు.

"సున్నమంటే ఏమనుకుంటివప్పా? కాల్షియమే గదా అది. మేమొక పక్క దించుతాంటే నువ్వింకో పక్క పూస్తాండావు."

ఇరవై ఏళ్లు ఆ బండల రూపంలో సున్నపురాయి మోసినవాణ్ణక్కా, అది నా రక్తంలోకే దిగుతోందని తెలుసుకోలేకపోయాను. మందులేవని అడిగితే మందులు చెప్పాను, తిండేమని అడిగితే తిండి చెప్పాను. సున్నం మందూ కాదు, తిండీ కాదు, అది మన నోట్లో ఎప్పుడూ ఉండేదే కదా. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఎక్కువైంది బయటికి పోతుందట. నాకు పోయే దారి లేదు. పైగా ఆ సూది కడుపులోని కాల్షియాన్ని ఇంకా ఎక్కువ రక్తంలోకి లాగుతుందట. సూదిలో దోషం లేదు, దాని పక్కన నేనేం వేసుకుంటున్నానో చెప్పకపోవడమే దోషం.

నువ్వీపాటికి కొంగు నోటికడ్డం పెట్టుకొని ఉంటావు. పద్మా, ఆమెకు కాసిని మంచినీళ్లియ్యి.

అవునక్కా, ఆ సున్నం నువ్వు పంపిందే. రాయి తడిపి, గుడ్డలో వడగట్టి, నా నోరు పొక్కకూడదని మీగడ కలిపి, ఇత్తడి డబ్బీలో పెట్టి ప్రతి గురువారం బస్సు కండక్టరు చేతికిచ్చిందే. అమ్మ పోయాక నన్ను సాకింది నువ్వు. లారీ ఎక్కిన మొదటిరోజు నిద్ర తూలకుండా ఆకు మడిచి జేబులో పెట్టింది నువ్వు. ఆ చెయ్యి నాకు చెడు చేసిందని నువ్వు ఒక్క క్షణం అనుకున్నా నా మీద ఒట్టే. తప్పు నాది. ఈ ఉత్తరం పది రోజులుగా రాయాలని కూర్చోవడం, లేవడం. సిస్టరమ్మే కోప్పడింది. "చెప్పకపోతే ఆమె పంపుతానే ఉంటాది, నువ్వు ఏదో ఒగ దినం మూత తీస్తావ్" అంది. నిజమే. అలమారలో నిండు డబ్బీలు మూడున్నాయి, రోజూ వాటివైపు చూస్తున్నాను.

ఆకు వక్క మొత్తం మానేశాను. నోరు పాడుపడిన ఇల్లులా ఉంది, ఒక లవంగం బుగ్గన పెట్టుకుంటున్నాను. మూడు వారాలకు కాల్షియం దిగింది. మొన్న బుధవారం మళ్లీ సూది మొదలుపెట్టారు, తక్కువ మోతాదులో. ఇకమీదట రక్తం చూసి, కాల్షియం ఎంతుందో చూసే మోతాదు చెప్తారట. నిన్న దారి అడగకుండా డిపోకు పోయి వచ్చాను. కన్నతల్లి కాని తల్లి ఒకామె నా వేలు చూసి ఆగిందే, ఆ ఆగడం వల్ల బతికానక్కా. మీ ఇంటి మల్లెలు పూస్తే ఒక మూర ఆమెకు పంపు.

ఇంకో మాట. నీ మోకాళ్లకు మీ వీధిలో సూదులు వేసే ఆయన ఎముకల సూది వేస్తానన్నాడని పద్మ రాసింది. తమ్ముడికి పనిచేసిందని నువ్వు సరే అంటావేమో. వద్దు. డాక్టరుకు చూపించి రక్తం పరీక్ష చేయించుకున్నాకే ఏ సూదైనా. నా మందు నాకు కొలిచి ఇచ్చింది.

బావగారికి, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ ఆశీర్వాదం నాకెప్పుడూ ఉండాలి.

చివరగా ఒక్కటే అడుగుతాను. నీకు రాయడం రాదు, పద్మకు తీరిక దొరికేది ఏ నెలకో. ఆ డబ్బీ వస్తేనే నువ్వు బస్సు దాకా నడిచి రాగలిగావని నాకు తెలిసేది. మూత చెంచా పెట్టి పెకలించాల్సినంత బిగువుగా ఉంటే, మా అక్క చేతిలో సత్తువ ఉందిలే అని ఆ రాత్రి నిశ్చింతగా పడుకునేవాణ్ణి. ఆ మూడు డబ్బీలూ కడిగి ఈ గురువారం బస్సుకే పంపిస్తున్నాను. నువ్వు గురువారం గురువారం పంపడం మానకు అక్కా. ఖాళీదే పంపు. మూత మాత్రం నువ్వే బిగించు.

నీ చేతి ముద్ద తిని పెరిగిన తమ్ముడు,
ఓబులేసు.