తొమ్మిదో బొమ్మ

జూలై 7, సోమవారం

మొయినాబాద్ బడి. ట్యాబ్ మళ్లీ కింద పడింది. పడలేదు — కెజియా తోసేసింది. మూడోసారి. రబ్బరు తొడుగు ఉంది కాబట్టి బతికిపోయింది.

ట్యాబ్‌లో ఎనిమిది బొమ్మలు పెట్టాను. నీళ్లు, అన్నం, బాత్రూం, నొప్పి, అమ్మ, ఆట, గుడ్ మార్నింగ్, థాంక్యూ. బొమ్మ మీద వేలు పెడితే చాలు, నా గొంతు పలుకుతుంది. మాట రాని పిల్లకు, పెన్సిల్ పట్టుకోలేని పిల్లకు ఇంతకన్నా సులువు ఏముంటుంది? నాలుగో తరగతి మొత్తం ఆ ట్యాబ్ కోసం పడి చస్తోంది, ఈమెకు మాత్రం అక్కర్లేదు! ఒళ్లు మండింది. తొమ్మిదేళ్ల పిల్ల మీద కోపం ఏమిటని తర్వాత నా మీద నాకే మండింది.

హెచ్చెం సార్ — "ఆ పిల్లకు తెల్వదు మేడం, ఇడ్సిపెట్టుండ్రి."

విడిచిపెట్టను.

జూలై 8, మంగళవారం

చేవెళ్లలో మీటింగు. ప్రత్యేక అవసరాల పిల్లల టీచరుగా నేను తిరిగే రెండు మండలాలకూ కలిపి ఒకటే ట్యాబ్. నెలాఖరులోగా పైనుంచి వచ్చి చూస్తారట. పిల్ల వాడుతుంటే ఆమెకే ఉంచుతారు, ఇంటికి కూడా తీసుకెళ్లొచ్చు. లేకపోతే వెనక్కి... బీరువాలోకి. ఆ బీరువాలోకి వెళ్లినవి మళ్లీ బయటికి రావడం నేను చూడలేదు.

జూలై 9, బుధవారం

కెజియా వాళ్లమ్మ సువార్తమ్మ పిల్లను తీసుకెళ్లడానికి వచ్చింది. పూల తోటలో పని నుంచి నేరుగా... చేతుల నిండా గులాబీ ముళ్ల గీతలు. ట్యాబ్ సంగతి చెప్పి అడిగాను — "ఇంట్ల అన్నం తిన బుద్ధి కాకుంటే ఎట్ల చెప్తది అక్కా?"

"గిన్నె నూకేస్తది మేడం. ఇగ మేమే సమజ్ చేసుకుంటం."

స్కూటీ స్టార్ట్ చేయబోయి ఆగిపోయాను. గిన్నె తోసేస్తుంది. ట్యాబ్ తోసేస్తుంది. తోసేయడమే ఆ పిల్ల మాట. ఎనిమిది బొమ్మలు పెట్టానే, వద్దు అని చెప్పడానికి ఒక్కటి పెట్టానా? థాంక్యూ మాత్రం మర్చిపోలేదు. పదకొండేళ్ల ఉద్యోగం నాది. సిగ్గేసింది.

జూలై 14, సోమవారం

తొమ్మిదో బొమ్మ తయారు. ఎర్రగా, అడ్డంగా చాచిన అరచెయ్యి. గొంతు మాత్రం నాది వద్దనుకున్నాను. నేను ఎంత మామూలుగా అన్నా పిల్లల్ని గదమాయించినట్టే వస్తుంది. సువార్తమ్మను కూర్చోబెట్టాను.

మొదటిసారి "వద్దు మేడం" అంది, బతిమాలుతున్నట్టు. రెండోసారి గొంతే రాలేదు. మూడోసారి నవ్వేసింది.

"ఆ మాట నేనెన్నడన్న అన్ననా మేడం? ఐతారం గూడ తోటకు రమ్మంటరు. చర్చికి పోవాలె అని నోటిదాంక వస్తది... సరే సార్ అంట."

నాలుగోసారి వచ్చింది. పక్క గదిలోంచి టీచరు తొంగిచూసింది! సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదే ఉంచాను.

జూలై 16, బుధవారం

రోజంతా వద్దు.

లెక్కలు వద్దు. కోడిగుడ్డు వద్దు. ఆట వద్దు. నేను పక్కన కూర్చుంటే వద్దు. లేస్తే అదీ వద్దు. నొక్కడం, అమ్మ గొంతు విని ఒళ్లంతా ఊపుతూ నవ్వడం. హెచ్చెం సార్ తల పట్టుకున్నారు — "మంచిగ నేర్పిండ్రు మేడం!"

కానీ ట్యాబ్‌ను ఒక్కసారి కూడా తోయలేదు.

నాలుగు గంటలకు ట్యాబ్ తీసి సంచిలో పెట్టుకోబోయాను. కెజియా వేలు, నెమ్మదిగా, గురి చూసుకుని... వద్దు.

ట్యాబ్‌ను మళ్లీ ఆమె ముందే పెట్టాను. ఎంత సంతోషం! కళ్లు తుడుచుకుని ఇంకో పావుగంట అక్కడే కూర్చున్నాను.

జూలై 23, బుధవారం

వచ్చారు, ఇద్దరు. పూలబొకేలు. హెచ్చెం సార్ చెమటలు. కెజియా ముఖం మీదికి నాలుగు ఫోన్లు, వీడియో కోసం.

"ఏదీ, గుడ్ మార్నింగ్ చెప్పు బేటా."

వద్దు.

"ఇంకేం రాదా దీనికి?"

వద్దు.

"ఫోన్లు దించుండ్రి సార్, అదే చెప్తున్నది ఆ పిల్ల" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వాళ్లకు నచ్చలేదు. కాగితం మీద ఏదో రాసుకుని టీ తాగకుండానే జీపెక్కారు.

తలుపు దగ్గర సువార్తమ్మ. "పెద్దసార్లను అట్ల అన్నది నా గొంతే గదా మేడం." భయపడిందో, మురిసిపోయిందో. రెండూ అనుకుంటాను.

జూలై 28, సోమవారం

ఫోన్. గురువారం మళ్లీ వస్తారు. ఇదే ఆఖరు.

హెచ్చెం సార్ నన్ను పక్కకు పిలిచారు. "ఒక్క రోజుకు ఆ వద్దు తీసేయుండ్రి మేడం. శుక్రవారం మళ్ల పెట్టుకుందురు. ట్యాబ్ అయితే ఉంటది గదా."

చెడ్డమనిషి కాదు. కెజియా చక్రాల కుర్చీ కోసం మెట్ల మీద ర్యాంపు దగ్గరుండి పోయించింది ఆయనే. అన్న మాటలోనూ న్యాయం ఉంది. అదే నన్ను తినేస్తోంది. ఒక్క రోజు. రెండు నొక్కులు.

జూలై 30, బుధవారం

మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు వెళ్లినప్పుడు, ఆ బొమ్మ మీద వేలు అదిమిపెట్టాను. "తొలగించాలా?" అని అడిగింది ట్యాబ్. అవును. కాదు. నాకైతే కాదనడానికి గడి ఇచ్చారు.

కాదు నొక్కాను.

హెచ్చెం సార్ అన్నది పిల్ల తల్లితో చెప్పకుండా ఉండలేకపోయాను. పోతే పోయేది వాళ్లది. అంతా విని సువార్తమ్మ అంది — "ట్యాబ్ ఉండాలె మేడం. మస్తు ఉండాలె. గని దాని నోట్లెకెళ్లి మాట ఎట్ల గుంజుతం?"

జూలై 31, గురువారం, పొద్దున

చేవెళ్ల వెళ్లాల్సిన రోజు. పర్మిషన్ పెట్టి మొయినాబాద్ వెళ్తున్నాను.

వాళ్లు పదకొండుకు వస్తారు. నేను తొమ్మిదికే కెజియా పక్కన కూర్చుంటాను. సార్లు వస్తున్నారు, నువ్వు దీనితో మాట్లాడటం చూస్తారట, చూస్తే ఇది నీ దగ్గరే ఉంటుంది, లేకపోతే తీసుకుపోతారు — అంతా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. చెప్పి, వాళ్ల ముందు మాట్లాడతావా అని అడుగుతాను. ఇన్నాళ్లూ ఎవరం అడగలేదు.

సరే అనే బొమ్మ కూడా ఇప్పుడే పెట్టాను, వద్దు పక్కన. రెండూ ఒకే సైజు.

ట్యాబ్ పోతే అట్టముక్క మీద ఈ పది బొమ్మలూ అంటిస్తాను. గొంతు ఉండదు. వేలు పెట్టి చూపించడానికైనా ఉంటుంది. అట్ట కొని సంచిలో పెట్టుకున్నాను కూడా. అయినా ట్యాబ్ పోకూడదు. పోకూడదు.

సరే అంటే సరే. వద్దు అందంటే, వాళ్లు జీపు దిగకముందే గేటు దగ్గర నిలబడి ఆ మాట వాళ్లకు నేను చెప్పాలి. ఎలా చెప్తానో తెలియదు. చెప్తాను.