మీ అమ్మ అడిగిన స్వస్థత

కోరుట్ల,
అక్టోబరు 2011.

చిరంజీవి బిడ్డ పుష్పకు మీ బాపు సాయిలు దీవించి రాయునది. ఇక్కడ నేనూ నా చుట్టా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అల్లుడు ఆనంద్, పిల్ల సౌమ్య కుశలమని తలుస్తాను.

ముందు నా కోపం రాస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. ఫోన్లో నాకు కోపం తప్ప వేరే మాట రాదు. అందుకే కాగితం పట్టాను. ఆరేళ్ల కింద మీ అమ్మ లసుమవ్వ కడుపులో గడ్డతో జగిత్యాల దవాఖానలో పడి ఉంటే, నన్ను అడగకుండా మన కోరుట్ల పాస్టరు యోహానును పిలుచుకొచ్చావు. ప్రభువు బాగుచేస్తాడన్నావు. ఆయన ఆమె తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. వారం తిరగకముందే ఆమె పోయింది. అప్పటినుంచి నేను సిరిసిల్లలో మీ ఇంటికి రాలేదు, ఆ పాస్టరు ముఖం చూడలేదు.

నా మోకాలు ఎట్లుందని అడిగావు. అట్లే ఉంది. తెలంగాణ సమ్మెకు బస్సులు లేవు గానీ కూలి దొరుకుతోంది. కరెంటు లేక మరమగ్గాల సాంచాలు ఆగుతున్నాయని రాశావు. ఆనంద్‌ను దిగులు పడొద్దని చెప్పు.

ఇక అసలు సంగతి. మొన్న తెలంగాణ కోసం రోడ్డుమీద వంటావార్పు పెట్టారు. నేనూ బంతిలో కూర్చున్నాను. తీరా చూస్తే అన్నం వడ్డిస్తూ వస్తున్నది యోహాను. బంతి నడుమ లేస్తే పక్కన తినేవాళ్లందరినీ అవమానించినట్లే. లేవలేకపోయాను.

“ఎయ్యి, ఎయ్యి. నీ ప్రార్థనకు పోయినట్టు నీ అన్నానికి గూడ పానం పోతదా ఏంది?” అన్నాను.

వరుసంతా నవ్వింది. ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“సాయన్నా, లసుమవ్వ తన కడుపు గురించి అడుగనే లేదు. ‘నా పెయ్యిల పానం ఇగ నిలువది అయ్యగారూ. మా ఆయన మనసుల కోపం పుండు లెక్క ఉన్నది, గది మానాలెనని అడుగు’ అన్నది. నేను గదే అడిగిన.”

“మరి మానలేదు గదా!”

“ప్రభువు మందు పట్టుకోని నిలవడ్డడు. నువ్వే నోరు తెరుస్తలేవు.”

విస్తరి ఖాళీ చేసే లేచాను.

నీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నది ఇదీ. ఆదివారం ఇక్కడ యోహాను చర్చికి పోయాను. అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచే ఉంచాను. ‘యేసయ్యా, ముసల్ది నాకోసం అడిగింది. దాని మాట పోనియ్యకు’ అన్నాను. అంతకన్నా ప్రార్థన నాకు రాదు. ఏడుపు మాత్రం వచ్చింది. యోహాను చూసి, చూడనట్టే పాట ఎత్తుకున్నాడు.

నిన్న పక్కింటి కనకయ్య మేక నా చిక్కుడు పాదు మేసింది. తోలేసి ఊరుకున్నాను. కనకయ్య పరుగున వచ్చి నా నుదురు పట్టి చూశాడు.

“ఏందే సాయన్నా, జరమచ్చిందా? తిడుతలేవు!”

పుండు మొత్తం మానిందని అబద్ధం రాయను. సలుపు తగ్గింది. ఆ వైద్యుడి దగ్గరికి ఇంకా పోవాలని ఉంది.

ఆ రోజు నువ్వు మంచం పక్కనే ఉన్నావు. మీ అమ్మ మాట విని కూడా ఇన్నేళ్లు నా తిట్లు ఎందుకు పడ్డావు? వచ్చే ఆదివారం బస్సు లేకున్నా ఏదో బండి పట్టుకొని సిరిసిల్ల వచ్చి, మీ చర్చిలో నీ పక్కన కూర్చుంటాను. రమ్మంటావా, వద్దంటావా? రెండిట్లో ఏదో ఒకటి శుక్రవారం లోపల నాకు తెలియాలి.

ఇట్లు,
మీ బాపు
సాయిలు