అత్త ఓరచూపు

స్ఫాక్స్, శుక్రవారం

తమ్ముడు హాతిమ్‌కు,

నువ్వు పంపిన పాత కంప్యూటర్ వెనక్కి తీసుకుపొమ్మని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ మాట మర్చిపో. నా కళ్లమంట, తలనొప్పి రెండూ పోయాయి. గొప్పంతా మన్నూబియా అత్తది.

తన దిష్టి తగులుతుందని అత్త ఇంట్లోకి కొత్తగా వచ్చిన దేన్నీ సూటిగా చూడదు కదా! గోడవైపు తిరిగి కూర్చుని, కంప్యూటర్‌నూ కంటికొసతోనే చూసేది.

"పిల్లా, నీ పెట్టెకు చలిజ్వరం వచ్చిందే, వణుకుతోంది!" అనేది రోజూ.

ఎదురుగా కూర్చున్న నాకు ఏ వణుకూ కనబడలేదు. "వణుకు నీ కళ్లలోనే ఉందత్తా," అని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన అత్త కళ్లు భేషుగ్గా ఉన్నాయని చెప్పి, ఎర్రబడ్డ నా కళ్లకు చుక్కలమందు రాశాడు!

ఇంటికొచ్చి నేనూ గోడవైపు తిరిగి ఓరగా చూశాను. తెర నిజంగానే గజగజలాడుతోంది; సూటిగా చూస్తే తెలియని మినుకును కంటికొస పట్టేస్తుందన్నమాట. సెకనుకు అరవైసార్లే వెలుగుతున్నదాన్ని సెట్టింగుల్లో ఎనభై అయిదుకు పెంచాను. అలాగే మినుకుమనే ట్యూబ్‌లైటు ఆర్పి టేబుల్ దీపం పెట్టుకున్నాను.

"ఇప్పుడు నిమ్మళించింది," అంది అత్త, గోడవైపే తిరిగి.

ఇప్పుడు వీధిలో ఎవరి కంప్యూటర్ కళ్లు మండించినా, కాఫీ పెట్టి అత్తనే పిలుస్తున్నారు.

పండక్కి కొత్త మరదల్ని తీసుకొస్తున్నావుగా. అత్త ఓరగా చూస్తే కోపమనుకోవద్దని చెప్పు. ముఖ్యంగా, వణక్కుండా కూర్చోమను.

నీ అక్క