మణికట్టు నుంచి మోచేతికి

ప్రియమైన వదినకి,

పాఠం చెప్పే పరీక్షలో ఫెయిలయ్యాను. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఉత్తరమంతా వాన గురించీ ఎండ గురించీ రాసి కూర్చుంటాను.

పర్యవేక్షకురాలు వెనక బెంచీలో కూర్చుంది. నేను పాఠం చెప్పి, "తడిబట్ట ఎలా ఆరింది?" అని పిల్లల్ని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేకపోయాను వదినా, జవాబు నేనే చెప్పేశాను. తర్వాతి ప్రశ్నకీ అంతే. అడిగేదీ చెప్పేదీ ఈవిడే అని పిల్లలకి అర్థమైపోయింది. ఇద్దరు పెన్సిళ్లతో కత్తియుద్ధం మొదలుపెట్టారు. నేను అరిచాను. ఆవిడ మాత్రం తలెత్తకుండా రాసుకుంటూ ఉంది.

నెలాఖరులో ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే డిగ్రీ రాదు. డిగ్రీ లేకపోతే మన బడిలో నా ప్రత్యేక తరగతిని వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నేను చదువుకి వచ్చాక నీ మూడో తరగతితో పాటు నా తరగతి పిల్లల్నీ నువ్వు మోస్తున్నది దీనికేనా అని ఏడుపొచ్చింది.

ఈ వారం మాకు క్లాసులో చెప్పింది నా తరగతిలో మనం పిచ్చుక అని పిలుచుకునే పిల్లకి పనికొస్తుందేమో చూడు. మన చేయి తన చేతిమీద ఉంటే తప్ప అది చొక్కా బొత్తాం కూడా పెట్టుకోదు కదా. అలాంటి పిల్లల విషయంలో మన చేతిని మెల్లగా మణికట్టుకి జరపాలిట. కొన్నాళ్లకి మోచేతికి. తర్వాత వేలితో చూపించడం. చివరికి ఏమీ చేయకుండా పక్కన ఉండటం. పుస్తకంలో ఎంత తేలిగ్గా ఉందో!

రిహార్సలు పాఠం ప్లాను జతచేశాను. ఎప్పటిలాగే దిద్ది పంపు.

నీ తొందరమ్మ

*

ప్రియమైన తొందరమ్మకి,

నువ్వు ఫెయిలయ్యావని చెబితే మీ అన్నయ్య, "పొడుపు కథ వేసి, జవాబు కూడా అదే చెప్పేసేది చిన్నప్పుడు" అన్నారు. నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా ఓపిక లేదే. పొద్దున నా తరగతి, మధ్యాహ్నం నీ తరగతి. ఇంటికొచ్చేసరికి గొంతు ఉండటం లేదు. మీ అన్నయ్యతో వంట సైగలతో చేయిస్తున్నాను. ఉప్పు అని చూపిస్తే పంచదార వేస్తున్నారు.

నువ్వు చెప్పినట్టే పిచ్చుక మణికట్టుకి చేయి జరిపాను. మాటలు రాకపోయినా దానికి కళ్లున్నాయిగా, నా మొహంలోకి అదోలా చూసింది. నా చేతిని తెచ్చి మళ్లీ తన చేతిమీద పెట్టుకుంది. నేను మళ్లీ జరిపాను, అది మళ్లీ తెచ్చుకుంది. ఇక ఊరుకున్నాను. నిజం చెప్పనా, నాకూ హాయిగానే ఉంది. పొద్దుటినుంచీ ఎవరూ నా మాట వినని చోట, ఒక పిల్లకి నా చేయి కావాలి.

నీ ప్లాను దిద్దలేదు, మొత్తం తిరగరాశాను. అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. సొంత తెలివి చూపించకు.

ప్రేమతో, వదిన

*

ప్రియమైన వదినకి,

నీ ప్లానుతో రిహార్సలు బ్రహ్మాండంగా జరిగింది. పిల్లలు కిక్కురుమనలేదు. కానీ చివర్లో పర్యవేక్షకురాలు, "ఆ తడబడుతూ చదివే పాపని మొదట అడక్కుండా రెండోసారి ఎందుకు అడిగారు?" అంది. నాకేం తెలుసు? తడబడే పిల్లని రెండోసారి అడగమని నువ్వు రాశావు, నేను అడిగాను. "అసలిది ఎవరి పాఠం?" అంది.

అసలు పరీక్షకి కొత్త పాఠం ఇచ్చారు, సగాలూ పావులూ. ప్లాను వేరే కవర్లో పంపుతున్నాను. శుక్రవారంలోగా నాకు చేరాలి. నువ్వు చూడకపోతే ఆ తరగతిలో అడుగు పెట్టలేను.

నీ తొందరమ్మ

*

ప్రియమైన వదినకి,

శుక్రవారం వెళ్లిపోయింది. హాస్టల్లో ఉత్తరాల పెట్టెలో రోజూ చేయి పెట్టి తడుముతున్నాను. "అందులో పామేమీ లేదమ్మా, ఉత్తరమూ లేదు" అని వాచ్‌మన్ ఆటపట్టిస్తున్నాడు.

ఒంట్లో బాగాలేదా? అన్నయ్య అయినా ఒక ముక్క రాయొచ్చు కదా. నిన్ను విసిగించానా? విసిగిస్తే తిట్టు, పడతాను. ఇలా మాట్లాడకుండా మాత్రం ఉండకు. ఎల్లుండే పాఠం.

నీ ఆడపడుచు

*

వదినకి,

నువ్వేమీ పంపలేదు కాబట్టి నా ప్లానే నేను తీసి చూసుకున్నాను. కాగితాలు నాలుగు మడతలు పెట్టి పంచాలని రాసుకున్నాను. మడతలు నేనే పెట్టేస్తే పిల్లలకి చేయడానికి ఏం మిగులుతుంది? కొట్టేశాను. ఉత్త కాగితాలు ఇచ్చి, "నలుగురికీ సమానంగా రావాలి" అన్నాను. అని నోరు మూసుకున్నాను.

ఎవరూ కదల్లేదు. చేతులు వెనక్కి కట్టుకుని అరచేతిలో గోళ్లు గుచ్చుకున్నాను. ఒకమ్మాయి మడిచింది, తప్పొచ్చింది, విప్పింది. పక్కదాని కాగితంలోకి తొంగిచూసింది. తర్వాత తరగతంతా గోలే, కానీ అది పని చేసేవాళ్ల గోల. నేను అరవాల్సిన పని రాలేదు.

ఆవిడ మళ్లీ అదే ప్రశ్న అడిగింది, ఎవరి పాఠం అని. నాదే అన్నాను. పాసయ్యాను. నీకు చెప్పకూడదనుకున్నాను. కోపం ఇంకా తగ్గలేదు.

నీ ఆడపడుచు

*

ప్రియమైన తొందరమ్మకి,

నాకు ఒంట్లో బాగానే ఉంది. నీ కవరు దీంతో పాటే వెనక్కి పంపుతున్నాను, చూడు, విప్పలేదు. విప్పితే ఎర్రపెన్ను దానంతటదే నా చేతిలోకి వచ్చేది.

తర్వాత వచ్చిన ఉత్తరం మాత్రం విప్పాను. వాచ్‌మన్ మాటకి నవ్వి, ఆ కిందది చదివి ఏడ్చాను. జవాబు రాసి చింపేశాను. వార్డెనుకి ఫోన్ చేసి వస్తానని మీ అన్నయ్య చెప్పులేసుకుంటే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "నీది గుండె కాదు, బండరాయి" అని ఆ పూట భోజనం మానేశారు. నువ్వు ఫెయిలై వస్తే జీవితాంతం ఆయన మొహం, నీ మొహం ఎలా చూడాలో నాకూ తెలియలేదే.

"ఎవరి పాఠం" అన్న మాట నీకు తగిలిందో లేదో గానీ నాకు బాగా తగిలింది. నీకు సాయం చేస్తున్నాననుకున్నాను. నీకు నా అవసరం ఉండటం నాకు కావాలి, అసలు సంగతి అది.

ఆ రోజుల్లోనే పిచ్చుక విషయంలోనూ మళ్లీ మొదలుపెట్టి, మణికట్టుకి, మోచేతికి జరిపి, చివరికి అక్కణ్ణుంచి కూడా చేయి తీసేశాను. అరిచింది, గిల్లింది, బల్ల కింద దూరింది. నేనూ కింద కూర్చున్నాను, ముట్టుకోకుండా. నిన్న బొత్తాం పెట్టుకుంది, పై బొత్తాం కింది కాజాలో. అలాగే ఇంటికి పంపాను. గేటు దగ్గర వాళ్లమ్మ సరిచేయబోతే, "ఈ ఒక్కరోజు వదిలేయండమ్మా" అన్నాను. పిచ్చుక నావైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. చూస్తుందేమోనని చాలాసేపు నిలబడ్డాను.

మీరిద్దరూ నేను లేకుండా పని చేసుకుంటున్నారు. కోరుకున్నది అదే. అయినా ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బాగా అలసిపోయానే. త్వరగా వచ్చి నీ పిల్లల్ని నువ్వు చూసుకో. నన్ను ఎంతైనా తిట్టు. తిట్టడం అయ్యాక మాత్రం కాసేపు నా పక్కన కూర్చో.

నీ వదిన