గ్లాసు మీద చెయ్యి

ఓర్వకల్లు మండలం,
20 జులై 2025, ఆదివారం.

కోయిలకుంట్లలో ఉన్న వదిన నన్నీ బీకి, ఖాసిమన్నకు సుబ్బక్క నమస్కారాలు. అక్కడ మీరిద్దరూ, అత్తగారింట్లో మీ బిడ్డ ఫిరోజా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఇక్కడ మేమూ క్షేమమని రాయాలి. క్షేమమే. ఎంతవరకు క్షేమమో కింద రాస్తున్నాను, చివరిదాకా చదువు.

వాన లేదు. రోజూ మధ్యాహ్నానికి మబ్బు పడుతుంది, గాలి లేచి దాన్ని గుట్టల అవతలికి తోసుకుపోతుంది. మొదటి పదునుకు వేసిన కంది మొలిచింది గానీ వాడుముఖం పట్టింది. ఈ రోజు అంగన్‌వాడీకి సెలవు కాబట్టి పొద్దున్నే చేనికి పోయి సాళ్ల మధ్య గడ్డి తీశాను. మా ఇంటాయన కూడా వచ్చి ఎండ ఎక్కేదాకా తీశాడు. పోయిన ఏడు గట్టు మీద కూర్చుని నాకు గడ్డి చూపించేవాడు, ఈ ఏడు వంగి తీస్తున్నాడు. ఎందుకు వంగగలుగుతున్నాడో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. మొదట తోటలో కాయ దింపుతున్నారేమో అనుకున్నాను. కాయ అయిపోయిన తర్వాత కూడా ఎత్తలేదు. మొన్న పీర్ల పండుగకు మీరు రాలేదు. మామిడితోట గుత్తకు తీసుకుని ఈ ఊరు విడిచిన తర్వాత ఒక్క ఏడు కూడా మీరు తప్పలేదు. పీర్లు లేచే రోజు మా ఇంటాయన రెండుసార్లు బస్టాండుకు పోయి వచ్చాడు. అడిగితే బీడీల కోసమన్నాడు. ఆయన బీడీలు మానేసి నాలుగు నెలలయింది.

తర్వాత మన ఊరి గోపన్న వచ్చి చెప్పాడు. బనగానపల్లె మండీలో ఖాసిమన్న కనిపించాడట. "లక్ష్మన్న మారిపోయినాడప్పా. మా ఇంట్లో తిననోడు ముందే చెప్పొచ్చు గదా. బాపనాయప్పను పిలిపిచ్చి వేరే వండిచ్చిందును" అని మా ఇంటాయన గురించి నలుగురిలో అన్నాడట. గోపన్న ఈ మాట చెప్పేటప్పుడు మా ఇంటాయన తాడు పేనుతున్నాడు. పేనుతూనే ఉన్నాడు.

ఎవరికీ చెప్పొద్దని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు తప్పుతున్నాను.

వదినా, మార్చిలో ఆయన పొట్టకు ఆపరేషన్ అయింది. గ్యాస్ నొప్పికి కర్నూలుకు పోయాడని ఊళ్లో చెప్పుకున్నాం. గ్యాస్ కాదు, బరువు. పోయిన పీర్ల పండుగకు నువ్వే అన్నావు, అన్న మూడు మెట్లు ఎక్కి రొప్పుతాండాడని. కంపెనీలకు భూములు ఇచ్చిన తర్వాత మాకు మిగిలింది మూడెకరాలు. పని తగ్గింది, తిండి తగ్గలేదు. నాగలి పట్టినప్పుడు తిన్నన్ని ముద్దలూ కుర్చీలో కూర్చుని తిన్నాడు. నూట ముప్పై కిలోలు దాటాడు. షుగరు వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. కర్నూల్లో ల్యాబులో పనిచేసే మా పిల్ల శివలీల పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

నాకు అర్థమైనంత రాస్తాను. పొట్టను కోసి తీసేయలేదు. పైభాగాన రబ్బరు పట్టీ లాంటిది చుట్టి బిగించారు. పట్టీకి పైన కోడిగుడ్డంత చోటు మిగిలింది. తిన్నది అక్కడ ఆగి, సన్నని సందులో నుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగాలి. చర్మం కింద గుండీ లాంటిది పెట్టారు. దాంట్లో సూదితో మందునీళ్లు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. చేత్తో తడిమితే ఆ గుండీ తగులుతుంది.

మూడు వారాలు వడకట్టిన గంజి, పలచని మజ్జిగ. తర్వాత మెత్తగా పిసికిన పప్పన్నం. నేను అంగన్‌వాడీలో పిల్లలకు పెట్టే గిన్నె లాంటిదే ఒకటి ఇంట్లోకి కొన్నాను. అక్కడ మూడేళ్ల పిల్ల అంత గిన్నె ఖాళీ చేసి ఇంకా పెట్టమని చెయ్యి చాపుతుంది. ఇక్కడ ఈయన సగం దగ్గర ఆగి గిన్నె పక్కకు జరుపుతాడు. నా చెయ్యి మారడానికి చాలా రోజులు పట్టింది. ఎసట్లో పాత కొలతే పడేది. మిగిలింది బర్రెకు పోసేదాన్ని. ఈయన చిక్కేకొద్దీ బర్రె బలిసింది. "దీనికీ ఒక పట్టీ ఏపిచ్చాల ఇంగ" అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన మొదట నవ్వింది అప్పుడే.

కష్టం సంగటితో వచ్చింది. ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలని డాక్టరు చెప్పాడు. అన్నం నమిలాడు, గుడ్డు నమిలాడు. మన వైపు సంగటిని నమిలినవాళ్లు ఎవరున్నారు వదినా. పులుసులో అద్దడం, గొంతులో వేసుకోవడం, మింగడం. చిన్నప్పుడు నేను నమిలితే మా అవ్వ బుగ్గలో వేలు పెట్టి పొడిచేది. ఏప్రిల్‌లో ఒకరోజు నేను ఇంట్లో లేనప్పుడు ఈయన నా సంగటిలో నుంచి నిమ్మకాయంత ముద్ద తీసుకుని అలవాటు కొద్దీ మింగేశాడు. అది పట్టీ దగ్గర నిలబడిపోయింది. నేను వచ్చేసరికి దొడ్లో బండ మీద ఎద పట్టుకుని కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు, నోటి వెంట తెల్లని జొల్లు. మాట రావడం లేదు. అది కిందికీ పోదు, పైకీ రాదు. చివరికి పైకే వచ్చింది. శివలీలకు ఫోన్ చేసి ఇస్తే "నాయినా, నమలమన్నారు గదా" అని కోప్పడింది. "సంగటిని నమిలేదేందమ్మా, అదేమన్నా ఏంచిన శెనిగ బుడ్డలా" అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సంగటి కెలకలేదు. తెడ్డు అటక మీద పెట్టాను. ఇప్పుడు ఆయనకు పడేది గట్టిగా కాల్చిన జొన్న రొట్టె. విరిచి నోట్లో వేసుకుని ఎంతసేపో నములుతాడు. అర రొట్టెకు అరగంట. నేను ఎదురుగా కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉంటాను.

అలా కూర్చున్నప్పుడు పాత తట్ట కళ్లకు కడుతుంది. మీ చేను, మా చేను ఒకే గట్టు. నేను సంగటి, నువ్వు పులుసు. ఒకే గంపలో పెట్టుకుని గుట్ట పక్క దారిన ఎత్తుకుపోయేవాళ్లం. గంప నా నెత్తిన ఉంటే నువ్వు మాట్లాడేదానివి, నీ నెత్తిన ఉంటే నేను మాట్లాడేదాన్ని. వేపచెట్టు నీడలో ఒకే తట్టలో సంగటి పెట్టి, నడుమ గుంట చేసి పులుసు పోస్తే, ఈ పక్క ఈయన, ఆ పక్క ఖాసిమన్న. ఖాసిమన్న తన వైపు నుంచి తవ్వుకుంటూ పోయి గుంటకు గండి పెట్టేవాడు. పులుసంతా ఆయన వైపు పారేది. "ఏం బావా, చెరువు కట్ట తెగ్గొడ్తాండావు" అని ఈయన అంటే, "ఆయకట్టు నాది బావా" అని ఆయన. ఒకే చెంబులో నీళ్లు. వాళ్లు లేచిన తర్వాత అదే తట్టలో మనిద్దరం. నీ పుంటికూర పులుసు నాకు ఇప్పటికీ కుదరలేదు.

ఇంకొకటి కూడా గుర్తుంది. మా మామ బతికున్నప్పుడు కులంలో ఎవరో ఏదో అన్నారని ఈయనతో చెప్పాడు, "తింటే తిను, వాళ్లింట్లో నీళ్లు మాత్రం తాగొద్దురా" అని. మరునాడు ఈయన మీ ఇంటి ఎదురు టీ బంకు దగ్గర ఆ మనుషులందరూ ఉండగా, నీళ్లు తెమ్మని నిన్ను కేకేసి, మీ ఇంటి చెంబు ఎత్తి గటగట తాగాడు. "అన్నా, సగం చొక్కాకే తాపుతాండావు" అని నువ్వు అన్నావు. మా మామ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ మనిషి మే నెలలో ఫిరోజా పెళ్లి పందిట్లో నీళ్లు వద్దన్నాడు.

నేను ఆడవాళ్ల వైపు తెర పక్కనే ఉన్నాను. అన్నీ కనిపించాయి, వినిపించాయి. ఖాసిమన్న ఈయనను మొదటి పంక్తిలో, పెళ్లికొడుకు చిన్నాయన ఎదురుగా కూర్చోబెట్టాడు. తన చేత్తోనే బగారన్నం పెట్టి, ఖుర్మాలో మంచి ముక్కలు ఏరి వేశాడు. "చిక్కినావే బావా, చెల్లెలు పస్తు పెడ్తాందా" అన్నాడు. ఈయన నవ్వి రెండు ముద్దలు తిన్నాడు. నమిలి నమిలి తింటుంటే ఆ చిన్నాయన "ఏమప్పా, ఎంచుకోని నమల్తాండావు" అన్నాడు. ఖాసిమన్న గ్లాసులో నీళ్లు పోయబోయాడు. ఈయన గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "తాగు బావా, ఎండ శానా ఉండాది." అప్పుడూ ఈయన చెయ్యి తీయలేదు. చిన్నాయన నవ్వుతూనే "మా ఇండ్ల నీళ్లు సయించవేమోలే" అన్నాడు. ఖాసిమన్న నవ్వలేదు. "ఉండనీలే భాయ్, రోజులు అట్ల వచ్చినాయి" అని జగ్గు తీసుకుని పక్క పంక్తికి పోయాడు.

వదినా, ఈ ఆపరేషన్ అయినవాళ్లు తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. తాగితే అరగంట ముందు, లేదా అరగంట తర్వాత. మధ్యలో గుక్కెడు పోసినా ఆ కోడిగుడ్డంత చోటు నిండి తిన్నదంతా బయటికి వస్తుంది. మా ఇంట్లో కూడా ఆయన గిన్నె పక్కన చెంబు పెట్టను. ఆ రోజు ఆయనకు అప్పటికే ఖుర్మా ముక్క అడ్డం పడింది. మాట్లాడడానికి నోరు తెరిస్తే పందిట్లోనే కక్కేవాడు. అందుకే పంక్తి మధ్యలో లేచాడు. వంటల గుడారం వెనక ట్రాక్టరు చాటుకు పోయాడు. నేను పోయి వీపు నిమిరాను. ఫిరోజాను పంపించేదాకా అయినా ఉండమని నువ్వు నా చెయ్యి పట్టుకుంటే బస్సుకు టైమయిందన్నాను. బస్సుకు ఇంకా చాలా టైముంది. బస్టాండులో కూర్చున్నాం.

ఇదీ జరిగింది. ఆయన ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. పెళ్లిళ్లలో "లక్ష్మన్న కూసున్నాడు, ఇంగో గంప తీస్కరాండి" అని కేకలు వేయించుకున్న మనిషి. అలాంటివాడు పొట్టకు పట్టీ కట్టించుకున్నాడంటే నవ్వుతారని. మగవాళ్లకు ఇలాంటివి పెద్దగా కనిపిస్తాయి.

ఈ ఉత్తరం ఖాసిమన్నకు నువ్వే చదివి వినిపించు. మధ్యలో లేచిపోతే మళ్లీ కూర్చోబెట్టి చదువు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చూసింది చూశాడు, చూసినదానికి ఎవరైనా అదే అనుకుంటారు. నేను అడిగేది ఫోన్ ఎత్తమని. నాకు అన్నదమ్ములు లేరని నీకు తెలుసు.

ఫిరోజాకు నా ఆశీస్సులు. పెళ్లినాడు పెడదామని తెచ్చిన చీర ఇంకా నా దగ్గరే ఉంది.

ఇట్లు,
నీ ఆడబిడ్డ,
సుబ్బక్క.

తాజా కలం: సోమవారం పొద్దున.

పైన సిగ్గు అని రాసింది తప్పు. కొట్టివేయలేదు, అలాగే ఉంచాను.

కవరు అంటించడానికి మెతుకులు నలుపుతుంటే ఆయన చూసి ఎవరికని అడిగాడు. దాచలేదు, చేతికిచ్చాను. వాకిట్లో నిలబడే అంతా చదివాడు. ఒట్టు తప్పానని ఏమీ అనలేదు. "సిగ్గు యాడిది. నవ్వితే నవ్వుకుంటారు. ఆ చిన్నాయన ఎవురో తెలీదు, ఆయప్ప అంటే అననీ. ఖాసిం గాడు అన్నాడు సూడు, రోజులు అట్ల వచ్చినాయని. ఇన్నేండ్లు వాని తట్టలో తింటి. నేను వాని ఇంట్లో తింటానని డాక్టరు చీటీ చూపిచ్చి నమ్మియ్యాల్నా వానికి" అన్నాడు. ఇన్నాళ్లు లోపల పెట్టుకున్నది ఇదట. నాకు కూడా చెప్పలేదు.

అట్లయితే ఈ ఉత్తరం నువ్వే తీసుకుపోయి ఇవ్వు అన్నాను. "చీటీ మోసుకోని పోను" అని నా చేతికే ఇచ్చేశాడు. నీళ్లు పోసుకుని తెల్ల పంచె కట్టుకున్నాడు. ఎక్కడికంటే కోయిలకుంట్లకు అన్నాడు. ఈ ఉత్తరం నేను పోస్టులో వేస్తున్నాను. నీకు అందేసరికి ఆయన మీ ఇంటికి వచ్చి పోయి ఉంటాడు. ఎట్లా జరిగిందో నాకు రాయి.

రొట్టె కాల్చి పెట్టాను, తిని పొమ్మన్నాను. వద్దన్నాడు. "ఈడ తిని పోతే ఆడ పట్టదు" అన్నాడు.

ఏడు గంటల నంద్యాల బస్సుకు పోయాడు.